కొట్టకుండా, తిట్టకుండా కుక్కకు నేర్పడం: ఇంటిల్లిపాదికీ ఒక మార్గదర్శి

కుక్క తనకు ఏదో ఒకటి దక్కిన పనిని మళ్ళీ చేస్తుంది. ఏమీ దక్కని పనిని మెల్లగా మానేస్తుంది. శిక్షణ అంతా ఈ ఒక్క సూత్రం మీదే నడుస్తుంది. మనం భోంచేస్తుంటే పక్కన చేరి మూలుగుతుంది, ఎవరో ఒకరు చేప ముక్క విసురుతారు. మర్నాడు ఇంకాస్త గట్టిగా మూలుగుతుంది. చిన్నపిల్లగా ఉన్నప్పుడు ఎగిరి మీద పడితే ముచ్చటపడి తల నిమురుతాం. ఆరు నెలలు తిరిగేసరికి బడి నుంచి వచ్చిన పిల్లల తెల్ల చొక్కాల మీద బురద పాదాల ముద్రలు కనిపిస్తాయి. అప్పుడు "దీనికి ఎంత చెప్పినా బుద్ధి రాదు" అంటాం. నిజానికి అది చక్కగా నేర్చుకుంది. నేర్పింది మనమే.

అందుకే ఇక్కడ కుక్క మార్చుకోవలసిన అలవాట్ల కన్నా ఇంట్లోవాళ్ళు మార్చుకోవలసిన అలవాట్ల గురించే ఎక్కువగా చెబుతాను. విజయనగరం, శ్రీకాకుళం లాంటి ఊళ్ళలో డాబా ఇళ్ళు, ఇరుకు సందులు, వీధికుక్కలు, మే నెల ఎండలు, అక్టోబరు తుపానుల మధ్య కుక్కను పెంచుకునే మామూలు కుటుంబాన్ని దృష్టిలో పెట్టుకుని రాస్తున్నాను. పిలిస్తే రావాలి, చుట్టాలు వస్తే కుదురుగా ఉండాలి, పిల్లల దగ్గర నమ్మకంగా ఉండాలి. ఇంతవరకు ఓపిక ఉన్న ఏ ఇంట్లోనైనా సాధ్యమే.

తెచ్చుకునే ముందు

కుక్కను తెచ్చుకోవడమంటే పది పన్నెండేళ్ళ బాధ్యత. చిన్న జాతులైతే పదిహేనేళ్ళు కూడా బతుకుతాయి. రోజూ పొద్దున, సాయంత్రం కలిపి కనీసం గంటసేపు దానికోసమే కేటాయించగల మనిషి ఇంట్లో ఒకరైనా ఉన్నారో లేదో ముందు చూసుకోండి. "పిల్లలు చూసుకుంటారు" అనే మాట మీద ఆధారపడకండి. పరీక్షలు రాగానే ఆ పని పెద్దవాళ్ళ మీదే పడుతుంది.

జాతి ఎంపికలో అందం కన్నా వాతావరణానికి ఎక్కువ విలువ ఇవ్వాలి. వేసవిలో మన దగ్గర ఎండ 40 డిగ్రీలను తాకుతుంది, దానికి సముద్రపు తేమ తోడవుతుంది. కుక్క ఒళ్ళంతా చెమట పట్టించుకుని చల్లబడలేదు, నాలుక చాపి రొప్పడమే దాని ప్రధాన సాధనం. గాలిలో తేమ ఎక్కువైతే ఆ రొప్పడం కూడా సరిగ్గా పనిచేయదు. మంచు ప్రాంతాల్లో బళ్ళు లాగే హస్కీని తెచ్చి ఎండకు వదిలేయడం నా దృష్టిలో క్రూరత్వమే. ముక్కు అణిగిన పగ్ వంటి జాతులకు రొప్పడమే కష్టం. లాబ్రడార్ తిండి మీద ఆశతో తొందరగా నేర్చుకుంటుంది, కానీ తొందరగా ఒళ్ళు చేస్తుంది. పామెరేనియన్ అని మనం పిలుచుకునే తెల్లటి బొచ్చు కుక్క ప్రతి అలికిడికీ మొరుగుతుంది. అది దాని స్వభావం.

నన్ను అడిగితే నాటు కుక్కనే తెచ్చుకోమంటాను. పొట్టి బొచ్చు, చురుకైన చెవులు, మన ఎండకు అలవాటుపడిన శరీరం దానివి. కొంచెం స్వతంత్రంగా ఉంటుంది. చెప్పిన పని చేయడానికి ముందు ఒకసారి మన ముఖంలోకి చూసి ఆలోచిస్తుంది. దాన్ని మొండితనం అనుకోకండి.

పిల్లను తల్లి దగ్గర నుంచి కనీసం 8 వారాల వరకు విడదీయకూడదు. పళ్ళు ఎంత గట్టిగా దించితే ఎదుటివారికి నొప్పి కలుగుతుందో తోబుట్టువులతో ఆడుతూనే నేర్చుకుంటుంది. నెల పిల్లనే అమ్మజూపేవారు చాలామంది ఉంటారు. ఆగమనండి, లేదా వేరేచోట చూసుకోండి. వీలైతే తల్లిని చూడండి. మనిషిని చూసి వణికే తల్లికి పుట్టిన పిల్లలు కూడా తరచు పిరికిగా ఉంటాయి.

మూడో వారం నుంచి పద్నాలుగో వారం దాకా

కుక్కపిల్ల జీవితంలో ఈ కాలానికి సాటి లేదు. ఈ వయసులో హాయిగా చూసినవన్నీ దానికి జీవితాంతం మామూలు విషయాలు అవుతాయి. అసలు చూడనివి తర్వాత భయపెడతాయి. ఆటో చప్పుడు, కుక్కర్ ఈల, గొడుగు, హెల్మెట్ పెట్టుకున్న మనిషి, చేతికర్రతో నడిచే తాతయ్య, గడ్డం ఉన్నవారు, చీర కొంగు గాలికి ఎగిరే అమ్మ, పరుగెత్తే చిన్నపిల్లలు... ఇవన్నీ దూరం నుంచి, కొద్దికొద్దిగా పరిచయం చేయండి. ప్రతి కొత్త దృశ్యంతోపాటు ఒక రుచికరమైన ముక్క అందాలి. బెదిరి వెనక్కి తగ్గితే దూరం పెంచండి. చంకనెత్తుకుని బలవంతంగా దగ్గరికి తీసుకెళ్ళకండి.

ఇక్కడ ఒక చిక్కు ఉంది. టీకాలు పూర్తికాని పిల్లకు పార్వో అనే వైరస్ జబ్బు సోకే ప్రమాదం ఎక్కువ. పార్వో ప్రాణాంతకం, దాని వైరస్ మట్టిలో నెలల తరబడి బతుకుతుంది. అలాగని నాలుగు నెలలూ గదిలో బంధిస్తే ఈ కాలమంతా వృథా అవుతుంది. దీనికి మార్గం పిల్లను చేతుల్లో ఎత్తుకుని తిప్పడమే. సాయంత్రం విజయనగరంలో మూడు లాంతర్ల కూడలి దగ్గరో, గంట స్తంభం దగ్గరో కాసేపు నిలబడితే చాలు, రావలసిన శబ్దాలన్నీ వస్తాయి. కాళ్ళు మాత్రం వీధి నేలకు తగలనివ్వకండి. టీకాలు వేయించిన, నెమ్మదైన పెద్ద కుక్క ఉన్న బంధువుల ఇంటికి తీసుకెళ్ళండి.

టీకాల వరుస మీ పశువైద్యులు చెబుతారు. మామూలుగా 6 నుంచి 8 వారాల మధ్య మొదలుపెట్టి, 16 వారాల వయసు వరకు మూడు నాలుగు వారాలకోసారి వేస్తారు. రేబిస్ టీకా మూడు నెలలకు, ఆ తర్వాత ఏటా వేయించాలి. జంతువుల నుంచి మనుషులకు సోకే జబ్బుల మీద అవగాహన కోసం జరిపే జూనోసిస్ దినమైన జులై 6న ప్రభుత్వ పశువైద్యశాలల్లో రేబిస్ టీకాలు ఉచితంగా వేస్తుంటారు. విజయనగరం జిల్లావాళ్ళకు గరివిడిలో పశువైద్య కళాశాల కూడా ఉంది. నులిపురుగుల మందు, పిడుదుల నివారణ మరవకండి. చెవిలో పిడుదులు పట్టి ఒళ్ళంతా సలుపుతున్న కుక్కకు ఏ పాఠమూ తలకెక్కదు.

ఇంట్లో ఒప్పందం

కుక్కకు నేర్పడం మొదలుపెట్టే ముందు ఇంట్లోవాళ్ళంతా ఒక పూట కూర్చుని మాట్లాడుకోవాలి. సోఫా ఎక్కవచ్చా, పూజగదిలోకి రావచ్చా, తినేటప్పుడు ఎక్కడ ఉండాలి, ఎవరు ఎప్పుడు తిండి పెట్టాలి. ఏది నిర్ణయించుకున్నా ఫరవాలేదు, అందరూ అదే పాటించాలి. నాన్నగారు సోఫా మీంచి తోసేసి, ఆయన ఆఫీసుకు వెళ్ళగానే అబ్బాయి ఎక్కించుకుంటే, కుక్క నేర్చుకునేది నాన్నగారు లేని వేళను కనిపెట్టడమే.

మాటలూ ఒకటే ఉండాలి. "రా" అని ఒకరు, "ఇలా రమ్మంటే వినబడదా" అని ఇంకొకరు, "కమాన్" అని పిల్లలు అంటుంటే దానికి గందరగోళం. కూర్చో, రా, ఆగు, వదులు. ఈ నాలుగు మాటలు కాగితం మీద రాసి వంటింటి గోడకు అంటించండి. కుక్క పేరును తిట్టుగా వాడవద్దు. పేరు వినగానే మన వైపు ఆశగా చూడాలి, తోక ముడవకూడదు.

చాలా ఇళ్ళలో అసలు చిక్కు మామ్మగారితోనే. చాటుగా ముద్ద పెట్టడం ఆవిడ ప్రేమ. దాన్ని ఆపమంటే మనసు కష్టపెట్టుకుంటారు. ఆపకండి, దారి మళ్ళించండి. "మామ్మా, ఈ డబ్బాలో ముక్కలు నీవే. అది కూర్చున్నాకే పెట్టు" అనండి. ఇంట్లో అందరికన్నా ఓపిగ్గా నేర్పేది చివరికి ఆవిడే అవుతారు.

ముక్క, మాట, సమయం

కుక్క ఒక పనికీ దాని ఫలితానికీ ముడిపెట్టుకోవాలంటే ఆ రెండూ ఒకటి రెండు క్షణాల వ్యవధిలో జరగాలి. అది కూర్చున్న తర్వాత మీరు వంటింట్లోకి వెళ్ళి బిస్కెట్ తెచ్చేసరికి అది లేచి నాలుగడుగులు వేసి ఉంటుంది. అప్పుడు ముక్క పెడితే లేచి వచ్చినందుకు పెట్టినట్టే.

ఈ ఆలస్యాన్ని పూడ్చడానికి ఒక గుర్తు మాట కావాలి. నేను "భేష్" అంటాను. మీరు ఏ చిన్న మాటైనా ఎంచుకోండి, మామూలు సంభాషణలో తరచు దొర్లనిది అయితే మంచిది. మొదట ఏ పనీ అడగకుండా "భేష్" అనండి, వెంటనే ముక్క పెట్టండి. రోజుకు పది పదిహేనుసార్లు, రెండు మూడు రోజులు ఇలా చేస్తే ఆ మాట వినగానే కుక్క చెవులు నిక్కబొడుచుకుని మీ చేతి వైపు చూస్తుంది. తిండి తెచ్చే మనిషి అడుగుల చప్పుడుకే కుక్కలకు లాలాజలం ఊరడాన్ని రష్యా శాస్త్రవేత్త పావ్లోవ్ నూరేళ్ళ కిందటే గమనించాడు. మీ ఇంట్లో జరుగుతున్నదీ అదే. ఇక మీదట "భేష్" అన్న క్షణంలో అది ఏం చేస్తోందో అదే మంచిపని అని దానికి అర్థమవుతుంది.

ముక్క శనగగింజంత చాలు. ఉప్పూ కారం లేకుండా ఉడికించిన కోడిమాంసం, కోడిగుడ్డు, కొంచెం పనీర్, ఉడికించిన చిలగడదుంప బాగుంటాయి. ఇంట్లో మామూలు పాఠాలకు దాని రోజువారీ తిండిలోంచే కొంత తీసిపెట్టండి. వీధిలో కష్టమైన పాఠాలకు మాత్రం కోడిముక్క. శిక్షణ రోజుల్లో చోడి (రాగి) అంబలి, పెరుగన్నం కాస్త తగ్గించండి, లేకపోతే లావెక్కుతుంది. ఎండు చేపల్లో ఉప్పు ఎక్కువ, వద్దు. ఉల్లి, వెల్లుల్లి, చాక్లెట్, ద్రాక్ష, ఎండుద్రాక్ష కుక్కకు విషం. పరమాన్నంలో ఎండుద్రాక్ష ఉంటుందని పండుగ రోజు గుర్తుంచుకోండి. ఉడికిన కోడి ఎముకలు పుల్లల్లా చీలి పేగులకు గుచ్చుకుంటాయి.

ఒక్కో పాఠం మూడు నుంచి ఐదు నిమిషాలు. రోజుకు మూడు నాలుగుసార్లు. అది ఇంకా ఉత్సాహంగా ఉన్నప్పుడే ఆపేయండి.

కూర్చో

వేళ్ళ మధ్య ముక్క పట్టుకుని దాని ముక్కుకు ఆనించినంత దగ్గరగా పెట్టండి. చేతిని నెమ్మదిగా నుదుటి మీదుగా వెనక్కి జరపండి. ముక్కు పైకి లేస్తుంది, తల వెనక్కి వాలుతుంది, నడుము దానంతట అదే కిందికి దిగుతుంది. నేలకు తాకిన క్షణంలోనే "భేష్". ముక్క ఇవ్వండి. చేయి మరీ ఎత్తితే ఎగురుతుంది, కాబట్టి కిందికి దించండి. వెనక్కి నడిచేస్తుంటే గోడ మూలలో నిలబెట్టి ప్రయత్నించండి. నడుము మీద చేత్తో అదమకండి. అదిమితే అది ఎదురు బలం చూపిస్తుంది, కూర్చోవడం నేర్చుకోదు.

ఇంతవరకు నోటితో ఏమీ అనలేదని గమనించండి. చేతి సైగకు తడబడకుండా కూర్చుంటున్నప్పుడే "కూర్చో" అనే మాటను సైగకు ఒక క్షణం ముందు చేర్చాలి. ఒకసారే అనాలి. "కూర్చో, కూర్చో, కూర్చోమంటే" అని మూడుసార్లు అంటే మూడోసారి కూర్చోవాలని నేర్చుకుంటుంది.

తర్వాత చేతిలో ముక్క లేకుండా అదే సైగ చేయండి, ముక్క జేబులోంచి తీయండి. ఆ తర్వాత చోటు మార్చండి. హాల్లో కూర్చునే కుక్క మేడ మీద కూర్చోకపోతే ఆశ్చర్యపోకండి. కుక్కకు చోటు మారితే పాఠమే మారిపోయినట్టు. ప్రతి కొత్త చోటా మొదటి మెట్టు నుంచి తిరిగి మొదలుపెట్టాలి. రెండోసారి మాత్రం త్వరగా పట్టుకుంటుంది.

కూర్చోవడం వచ్చాక అది ఇంట్లో చాలా పనులకు పనికొస్తుంది. తిండి గిన్నె దించే ముందు, తలుపు తీసే ముందు, ఎవరైనా నిమిరే ముందు కూర్చోవాలి. కూర్చున్న కుక్క మీదకి ఎగరలేదు. ఎగరవద్దని గద్దించే బదులు ఏం చేయాలో చెప్పినట్టయింది.

పిలిస్తే రావడం

అన్ని పాఠాల్లోకీ ముఖ్యమైనది ఇదే. గేటు తెరిచి ఉన్నప్పుడు, లారీ వస్తున్నప్పుడు దీనివల్లే ప్రాణం దక్కుతుంది. దీన్ని పాడుచేసేదీ మనమే. పార్కులో ఆట ముగించడానికి పిలుస్తాం, స్నానానికి పిలుస్తాం, చెప్పు కొరికిందని తిట్టడానికి పిలుస్తాం. "రా" అంటే సుఖం ముగిసిపోవడమని దానికి అర్థమవుతుంది. ఇక ఎందుకు వస్తుంది?

కాబట్టి నియమం ఒకటే. పిలిచినప్పుడు వచ్చిన కుక్కను ఎన్నడూ తిట్టకూడదు, అది గంట ఆలస్యంగా వచ్చినా సరే. దానికి ఇష్టం లేని పని చేయాలంటే మీరే దాని దగ్గరికి వెళ్ళండి.

మొదట ఇంట్లో, రెండు గదుల మధ్య మొదలుపెట్టండి. ఇద్దరు మనుషులు చెరో చివర కూర్చుని వంతులవారీగా పేరు పెట్టి "రా" అనాలి. వచ్చిన ప్రతిసారీ మంచి ముక్క, మంచి మాట. తర్వాత మేడ మీద. ఆ తర్వాతే బయట, అదీ పొడవాటి తాడుతో. ఇరవై ముప్ఫై అడుగుల నూలు తాడు బజారులో దొరుకుతుంది. దాన్ని మెడకు కాకుండా ఛాతీ బెల్టుకు కట్టండి, వేగంగా పరుగెత్తి ఆగినప్పుడు మెడ పట్టేయకుండా ఉంటుంది. పొద్దున్నే విజయనగరంలోని అయోధ్య మైదానం వంటి ఖాళీ స్థలం దీనికి అనువు. తాడు లాగి తెచ్చుకోవడానికి కాదు, పారిపోకుండా చూసుకోవడానికి.

మా ఇంటి నాటు కుక్క చిట్టికి ఈ పాఠం నేర్పుతున్న రోజుల్లో చేపల గంపతో ఒకావిడ మా వీధిలోకి వచ్చింది. చిట్టి ముందరి కాలు ఒకటి గాల్లోనే ఆగిపోయింది. ముక్కుపుటాలు అదురుతున్నాయి, తాడు బిగిసింది. "బాబూ, మీ కుక్క ఏమీ చెయ్యదు కదా?" అని ఆవిడ గంప మీద చెయ్యి వేసుకుని నిలబడిపోయింది. "ఏమీ చెయ్యదమ్మా, మీరు నెమ్మదిగా వెళ్ళండి" అన్నాను. చిట్టిని పిలవలేదు. అంత వాసన ముందు పిలుపు ఓడిపోతుంది, ఓడిన పిలుపు విలువ తగ్గుతుంది. తాడు లాగకుండా పట్టుకుని నిలబడ్డాను. గంప పదడుగులు దాటాక చిట్టి చెవి ఒకటి వెనక్కి తిరిగింది, ఆ వెంటనే కళ్ళు నా వైపు తిరిగాయి. "భేష్" అన్నాను. అది ఒక్క ఉరుకున వచ్చింది. ఆ రోజు దానికి దక్కింది గుప్పెడు కోడిముక్కలు. పిలవకుండానే మన వైపు తిరిగిన చూపుకు ఎంత ఇచ్చినా తక్కువే. ఆ చూపు అలవాటయ్యాకే పిలుపు పనిచేస్తుంది.

ఒక మాట నిజాయితీగా చెప్పాలి. ఎంత శిక్షణ ఇచ్చినా, పిల్లినో పందినో తరుముతున్న కుక్క నూటికి నూరుసార్లు వెనక్కి రాదు. రోడ్డు పక్కన తాడు విప్పవద్దు.

ఇంట్లో తడి చేయడం

పిల్ల ఎన్ని గంటలు ఆపుకోగలదో తెలుసుకోవడానికి ఒక రమారమి లెక్క ఉంది. దాని వయసు నెలల్లో ఎంతో దానికి ఒకటి కలపండి. రెండు నెలల పిల్ల మహా అయితే మూడు గంటలు ఆపుకుంటుంది, మెలకువగా ఆడుతుంటే అంతకూడా కాదు. నిద్ర లేవగానే, తిన్న పది పదిహేను నిమిషాలకు, ఆట ముగియగానే బయటికి తీసుకెళ్ళండి. ప్రతిసారీ ఒకే చోటికి. పని అయిన చోటే, అయిన వెంటనే "భేష్", ముక్క. ఇంట్లోకి వచ్చాక ఇస్తే లోపలికి వచ్చినందుకు ఇచ్చినట్టవుతుంది.

నేల వాసన చూస్తూ గుండ్రంగా తిరుగుతుంటే ఎత్తుకుని పరుగెత్తండి. ఇంట్లో అయిపోతే మౌనంగా తుడిచేయండి. మూతిని అందులో రుద్దడం అనాదిగా వస్తున్న పాడు అలవాటు. దానివల్ల పిల్ల నేర్చుకునేది మీ ఎదుట విసర్జించకూడదని మాత్రమే. ఆపైన మంచం కింద, తలుపు చాటున పని కానిస్తుంది. తడిచిన చోట వాసన పూర్తిగా పోయేలా కడగాలి, వాసన మిగిలితే మళ్ళీ అక్కడికే వస్తుంది. ఫినాయిల్ వాడితే నేల ఆరేదాకా పిల్లను దూరంగా ఉంచండి.

అపార్ట్‌మెంటులో పైఅంతస్తులో ఉన్నవారు బాల్కనీలో మట్టి పళ్ళెమో గడ్డి చాపో పెట్టవచ్చు. ఐదారు నెలలకు చాలావరకు కుదురుకుంటుంది. కొన్నిటికి ఏడాది పడుతుంది. ఆ తేడా మామూలే.

కొరకడం

నాలుగు నుంచి ఆరు నెలల మధ్య పాలపళ్ళు ఊడి కొత్తవి వస్తాయి. చిగుళ్ళు దురదపెడతాయి, చెప్పు కనిపిస్తే నములుతుంది. చెప్పులు అరలో పెట్టడం మన పని. చల్లటి క్యారెట్టు, నీటిలో తడిపి గడ్డకట్టించిన పాత తువ్వాలు ముడి ఇవ్వండి. ఆటలో చేతికి పళ్ళు తగిలితే ఆట ఆపి, లేచి, కొన్ని క్షణాలు పక్కకు వెళ్ళిపోండి. అరవడం, మూతి మీద కొట్టడం దాన్ని ఇంకా రెచ్చగొడతాయి. సాయంత్రాలు పిచ్చిపట్టినట్టు కొరికే పిల్లకు తరచు కావలసింది నిద్ర. ఈ వయసులో రోజుకు పద్దెనిమిది గంటల దాకా నిద్రపోవాలి.

వీధిలో నడక

నడక కుక్కకోసం. దానికి వాసన చూడటమే వార్తాపత్రిక. ప్రతి స్తంభం దగ్గరా లాక్కుపోతే అది ఏమీ చదవకుండానే తిరిగి వస్తుంది. కొంతదూరం మీ నడక, కొంతదూరం దాని నడక అని పంచుకోండి.

తాడు లాగుతుంటే ఆగిపోండి. తాడు వదులైనప్పుడే ముందుకు కదలండి. మొదటి వారం వీధి చివరికి కూడా చేరలేరు, అది అనుకున్నదే. మీ పక్కన నడిచిన ప్రతి నాలుగైదు అడుగులకూ "భేష్" అని ముక్క ఇవ్వండి. ముళ్ళ గొలుసులు, ఉరిలా బిగిసే గొలుసులు కొనవద్దు.

వేసవిలో ఉదయం ఏడు దాటక ముందు, సాయంత్రం పొద్దువాలాక మాత్రమే. అరచేతి వెనక భాగాన్ని ఏడు క్షణాలు తారు రోడ్డు మీద పెట్టి చూడండి. మీరు ఓర్చుకోలేకపోతే దాని పాదాలూ ఓర్చుకోలేవు. అతిగా రొప్పుతూ తూలుతుంటే నీడకు తీసుకెళ్ళి, మామూలు నీళ్ళు ఒంటి మీద పోసి, గాలి విసురుతూ వెంటనే పశువైద్యుల దగ్గరికి బయలుదేరండి.

వీధికుక్కల గుంపు ఎదురైతే మీ కుక్కను ఎత్తుకుని పరుగెత్తవద్దు, రాయి విసరవద్దు. దూరం నుంచే చూసి దారి మళ్ళండి. తాడు బిగించకండి, బిగిస్తే మీ కుక్క బిగుసుకుపోతుంది, అవతలివి దాన్ని పోట్లాటగా చదువుకుంటాయి. కొన్ని ముక్కలు అటువైపు చల్లి ఇటు తప్పుకోవచ్చు. రోజూ ఒకే వేళకు ఒకే దారిలో వెళితే ఆ వీధి కుక్కలు కొన్ని వారాల్లో మిమ్మల్ని గుర్తుపట్టి ఊరుకుంటాయి.

గేటు దగ్గర మొరుగుడు

పాలవాడు వస్తాడు, కుక్క మొరుగుతుంది, పాలవాడు వెళ్ళిపోతాడు. ఆయన తన పని ముగించుకుని వెళ్ళాడని మనకు తెలుసు. కుక్క లెక్కలో మాత్రం తాను మొరిగింది కాబట్టే వెళ్ళాడు. రోజూ గెలుస్తోంది, ఎందుకు మానుతుంది? మనం లోపలి నుంచి "ఏయ్!" అని అరిస్తే మనమూ తోడుగా మొరిగినట్టే దానికి.

గేటు కనిపించే చోట కట్టేసి ఉంచడం ఈ జబ్బుకు ఎరువు వేయడమే. పగలంతా గొలుసుకు కట్టిన కుక్క కోపిష్టి అవుతుంది. గేటు కనబడకుండా తడిక కట్టండి. గేటు చప్పుడైనప్పుడు రెండు మొరుగులు మొరగనిచ్చి, దాని చాప దగ్గరికి పిలిచి అక్కడ నాలుగైదు ముక్కలు చల్లండి. కొన్నాళ్ళకు గేటు చప్పుడే చాప దగ్గరికి వెళ్ళమనే సైగ అవుతుంది. చుట్టాలకు ముందే చెప్పండి: "అత్తయ్యా, లోపలికి వచ్చి కూర్చోండి, కాసేపు దాని వంక చూడకండి." పలకరించాలా వద్దా అన్నది కుక్క తేల్చుకోవాలి.

భయం, ముఖ్యంగా అక్టోబరులో

మన ప్రాంతపు కుక్కలకు ఏడాదిలో కష్టకాలం దసరా నుంచి దీపావళి దాకా. విజయదశమి తర్వాతి మంగళవారం పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవానికి విజయనగరం జనసంద్రమవుతుంది, డప్పులు మోగుతాయి. ఆపైన దీపావళి టపాసులు. తుపానులూ తరచు ఈ రోజుల్లోనే వస్తాయి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్, 2018 అక్టోబరు 11న తిత్లీ తీరం దాటాయి. తిత్లీకి శ్రీకాకుళం ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలు నేలకొరిగాయి. మనిషికే నిద్రపట్టని హోరు అది. మనకన్నా ఎన్నో రెట్లు చురుగ్గా వినే కుక్క సంగతి చెప్పాలా?

దీనికి తయారీ ఆగస్టులోనే మొదలవ్వాలి. టపాసుల చప్పుడు, ఉరుములు ఫోనులో అతి తక్కువ శబ్దంతో వినిపిస్తూ ముక్కలు పెట్టండి. వారాల తరబడి కొంచెం కొంచెం పెంచండి. చెవులు వెనక్కి వాలినా, తినడం మానేసినా శబ్దం ఎక్కువైందని అర్థం, తగ్గించండి. పండుగ రోజు సందె చీకటి పడకముందే తిప్పి తెచ్చి, కిటికీలు మూసిన లోపలి గదిలో దాని చాప, నీళ్ళు పెట్టి, ఫ్యాను వేసి ఎవరైనా తోడుండండి. మంచం కింద దూరితే లాగకండి. మెడ బెల్టుకు మీ ఫోను నంబరు ఉన్న బిళ్ళ కట్టండి, బెదిరి పారిపోయే కుక్కలు ఆ రాత్రే ఎక్కువ.

భయపడినప్పుడు దగ్గరికి తీసుకుంటే భయం ముదురుతుందని కొందరు అంటారు. అది నిజం కాదు. భయం ఒక అనుభూతి, ఓదారిస్తే పెరగదు. ఆనుకుని కూర్చోవాలనుకుంటే కూర్చోనివ్వండి. ఒళ్ళంతా వణుకుతూ చొంగ కార్చేంత భయముంటే పండుగకు ముందే పశువైద్యులను కలవండి, మందులున్నాయి. తుపాను హెచ్చరిక వస్తే కుక్కను ఇంట్లోకి తీసుకోండి. లోపల ఉంచలేని పరిస్థితి వస్తే కనీసం గొలుసు విప్పండి.

కొడితే ఏమవుతుంది

కొడితే కుక్క ఆ పని ఆపుతుంది, నిజమే. అందుకే ఈ పద్ధతి ఇంతకాలం నిలిచింది. కానీ అది ఆపింది అర్థమై కాదు, భయపడి. ఆ భయం మీ చేతికి, కర్రకు, ఒక్కోసారి ఆ క్షణంలో పక్కనున్న పసిబిడ్డకు ముడిపడిపోతుంది.

గుర్రుమంటే అసలు కొట్టకూడదు. గుర్రుమనడం "నాకు ఇబ్బందిగా ఉంది, ఆగు" అని కుక్క చేసే హెచ్చరిక. దాన్ని దండించి మాన్పిస్తే ఇబ్బంది అలాగే ఉంటుంది, హెచ్చరిక మాత్రం పోతుంది. చెప్పకుండా కరిచే కుక్కలు కొన్ని ఇలా తయారైనవే. గుర్రుమనడానికి ముందు కూడా అది చెబుతూనే ఉంటుంది: మొహం తిప్పుకుంటుంది, మూతి నాక్కుంటుంది, నిద్ర రాకపోయినా ఆవులిస్తుంది, కంటి తెల్లగుడ్డు కనిపించేలా ఓరగా చూస్తుంది, కదలకుండా బిగుసుకుంటుంది. పిల్లలకు అక్షరాలు నేర్పినట్టే ఇవీ నేర్పాలి. తింటున్న, నిద్రపోతున్న కుక్కను ముట్టుకోకూడదు, కౌగిలించుకోకూడదు. ఐదారేళ్ళ లోపు పిల్లలను, కుక్కను పెద్దవాళ్ళు లేకుండా ఒంటరిగా వదలకూడదు, ఎంత మంచి కుక్కైనా సరే.

"యజమాని పైచేయిగా ఉండాలి, లేకపోతే కుక్క రాజ్యమేలుతుంది" అనే మాట తోడేళ్ళ పరిశీలన నుంచి వచ్చింది. 1947లో షెంకెల్ అనే శాస్త్రవేత్త బంధించి ఉంచిన తోడేళ్ళ కొట్లాటలు చూసి రాసినదే దానికి మూలం. అడవిలో తోడేళ్ళను ఏళ్ళ తరబడి గమనించిన డేవిడ్ మెక్, ఆ గుంపు అంటే తల్లీ తండ్రీ పిల్లలూ ఉన్న కుటుంబమేనని 1999లో వివరించాడు. జంతు ప్రవర్తన మీద పనిచేసే అమెరికా పశువైద్యుల సంఘం 2021లో అన్ని కుక్కలకూ బహుమతి ఆధారిత శిక్షణనే సిఫారసు చేసింది. మన దేశంలో 1960 నాటి జంతు హింస నివారణ చట్టం ప్రకారం జంతువును అనవసరంగా బాధపెట్టేలా కొట్టడం నేరం.

ఎంత ఆశించవచ్చు

పిల్ల అయితే రెండు మూడు వారాల్లో కూర్చోవడం వస్తుంది. నమ్మదగ్గ పిలుపుకు ఏడాది పడుతుంది. ఆరు నెలల నుంచి ఏడాదిన్నర దాకా వచ్చే ఈడులో నేర్చినవన్నీ మరిచిపోయినట్టు ప్రవర్తిస్తుంది. చాలామంది కుక్కను వదిలించుకునేది ఈ వయసులోనే. వదలకండి. తేలికైన పాఠాలకు దిగి, ముక్కల విలువ పెంచి, తాడు విప్పకుండా కొనసాగించండి.

వీధి నుంచి తెచ్చిన పెద్ద కుక్కకు వేరే కొలత. మొదటి కొన్ని రోజులు ఏమీ నేర్పకండి. తిండి వేళకు పెట్టండి, పడుకునే చోటు చూపండి, అది దగ్గరికి వచ్చేదాకా ఆగండి. అది కొత్తవారి చేతి కింద ఎప్పటికీ సుఖంగా ఉండకపోవచ్చు. అలాంటప్పుడు చుట్టాలు వస్తే దాన్ని మేడ మీద ఉంచండి. ఇది ఓటమి కాదు, ఏర్పాటు.

ఇంతవరకు నెమ్మదిగా ఉన్న కుక్క హఠాత్తుగా కసురుతుంటే, ఇంట్లో తడి చేస్తుంటే, ముట్టుకోనివ్వకపోతే శిక్షణ గురించి ఆలోచించకండి. చెవిపోటు, పన్నునొప్పి, కీళ్ళవాతం, పిడుదుల జ్వరం ఏదైనా కావచ్చు, ముందు పశువైద్యులకు చూపించండి. ఎవరినైనా కరిస్తే, గాయం చిన్నదైనా, టీకా వేయించిన కుక్కే అయినా, పదిహేను నిమిషాలు సబ్బుతో ధారగా పారే నీటి కింద కడిగి, అదే రోజు ఆసుపత్రికి తీసుకెళ్ళండి. కుక్క టీకా కార్డును వెంట పట్టుకెళ్ళండి, డాక్టరుగారు అడుగుతారు.